నామెక్కిన జొన్నచేను

జొన్నరొట్టె కళ్ళకద్దుకొని చెబుతున్నాను. ఇందులో రాసే ప్రతి మాటా నిజం. ఒక్క అక్షరం అబద్ధమైనా నా నాలుక మీద దూలగొండి మొలవాలి, దాని నూగు నా గొంతులోకి దిగాలి. ఇంతకంటే పెద్ద ఒట్టు మా వైపు లేదు. దూలగొండి కాయ ఒంటికి రాసుకొని ఆ దురద చూసినవాడికి సంగతి తెలుసు. రాసుకోనివాడికి ఎంత చెప్పినా తెలియదు.

ఇంత గట్టి ఒట్టు ఎందుకంటే, మా ఊళ్ళో నన్ను గప్పాలోడంటారు. ఊరికే అనరు. నిజాం సర్కారు ఉన్న రోజుల్లో పంట చూడ్డానికి వచ్చిన గిర్దావర్ ఒకాయన చెంబు లేకుండా మా కంచె చాటుకు పోయి, చేతికందిన ఆకుల్ని కాయలతో సహా తెంపుకున్నాడనీ, అది దూలగొండి అనీ, ఆయన మళ్ళీ గుర్రమెక్కలేక కాళ్ళు ఎడంగా పెట్టుకొని తాలూకా కచేరీ దాకా నడిచే పోయాడనీ చెప్పేవాణ్ణి. ఆ ఏడు మా ఊరి పంటను ఎవరూ కొలవలేదని కూడా చేర్చేవాణ్ణి. జనం పొట్ట పట్టుకొని నవ్వి, "గీని నోట్లెకెల్లి నిజం రావాల్నంటే పండ్లు ఊడపీకాలె" అని లేచిపోయేవాళ్ళు.

చెట్ల సంగతులు నాకు చెప్పింది బాపు, మా నాన్న. ఆయన అబద్ధం ఆడేవాడు కాదు, నిజం కూడా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. చేనుగట్టు మీద రొట్టె తిని, చుట్ట ముట్టించినప్పుడు మాత్రం నోరు విప్పేవాడు.

"గీ చెట్టుకు కాళ్ళున్నయారా?"

"ఎక్కడియి బాపు?"

"పురుగొస్తే ఉరుకుతదా?"

"ఎట్ల ఉరుకుతది?"

"ఉరుకరానిది ఏం జేస్తది మరి? ఉన్నకాన్నే ఉండి కొట్లాడుతది."

అప్పటికి నాకు పెళ్ళయి ఒక బిడ్డ కూడా పుట్టింది. అయినా బాపు పత్తి ఆకు తెంపి, పసివాడికి చూపించినట్టు, దాని వెనకవైపు నా చెంపకు రాసేవాడు. నాటు పత్తి ఆకుకు వెనక సన్నటి నూగు ఉంటుంది. పచ్చదోమ దాని మీద వాలితే కాలు ఆనదు, మూతి కుచ్చుదామంటే ఆకు అందదు. జిల్లేడు కొరికిన పురుగు మూతికి పాలు అంటుకొని బంకైపోతుంది. తుమ్మచెట్టును తొలిస్తే జిగురు కారి ఆ తొర్రను పూడుస్తుంది. మనం పిల్లలకు ఏరి పెట్టే ఆ తుమ్మబంక, చెట్టు తన పుండుకు తానే వేసుకున్న మందు. ఇవన్నీ చెప్పి బాపు చివరికి జొన్న దగ్గరికి వచ్చేవాడు. జొన్న పేరెత్తగానే ఆయన గొంతు తగ్గేది.

జొన్న తల్లిలాంటిది. కానీ పసితనంలో దానికి విషం ఉంటుంది. మొలక మీద ఏ నోరూ పడకుండా అది తన ఆకుల్లో దాచుకునే విషం. వానలు బాగా పడితే, పైరు ఏపుగా పెరిగితే, పూత నాటికి ఆ విషం దానంతటదే పోతుంది. వాన మొగం చాటేసి, మోకాలెత్తు పైరు ఎండకు గిడసబారి, ఆకులు చుట్టుకొని నల్లపచ్చగా తిరిగిందా, అప్పుడు విషం రెట్టింపవుతుంది. దాన్నే మేము నాము అంటాం. నామెక్కిన జొన్న నాలుగు పిడికిళ్ళు తిన్న ఎద్దు ఇంటిదాకా రాదు. పోరగాళ్ళకు నడక రాకముందే ఈ సంగతి చెబుతాం. కాబట్టి, తెలియక జరిగిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

ఆ ఏడు సరిగ్గా అట్లాగే అయింది. పోలీసు యాక్షన్ అయిపోయి, ఊళ్ళల్లో జనం మళ్ళీ తలుపులు తెరుచుకొని పడుకుంటున్న రోజులు. మిరుగు కార్తెలో రెండు వానలు పడ్డాయి, జొన్న మొలిచింది, ఆ తర్వాత మబ్బు మా మీదుగా పోయి ఎక్కడో మహారాష్ట్రలో దిగినట్టుంది. మా చేను మోకాలెత్తుకు వచ్చి అక్కడే ఆగిపోయింది. గరికపోచ లేదు. నిరుటి చొప్ప అయిపోయింది. ఇంటి కప్పు మీది పాత గడ్డి దూసి ఎడ్లకు వేశాము. అవి దాన్ని వాసన చూసి మా మొగాల వైపు చూసేవి.

మాకున్నది ఒక్క జత. కుడిపక్క నడిచే వలపటిది తెల్లది, కొంచెం కోపిష్టి. ఎడమపక్క నడిచే దాపటిది మచ్చలది, నిదానం. చేనంటే చేను ఒక్కటే కాదు మాకు. ఆ జత ఉంటేనే బాపు సేద్యగాడు. జత పోతే మళ్ళీ జత కొనే తాహతు మాకు లేదు. అప్పుడిక మిగిలేది బెల్లంపల్లి బొగ్గుబాయి. మా వాడకట్టులో అట్లా పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పండుగకు వచ్చినప్పుడు కొత్త అంగీలు తొడుక్కొని వచ్చేవాళ్ళు, దగ్గుతూ వచ్చేవాళ్ళు. బాపు వాళ్ళతో బాగానే మాట్లాడి, వాళ్ళు పోయాక నేల మీద చెయ్యి పెట్టి అనేవాడు: "భూమ్మీద బతికేటోన్ని. కాట్లె పెట్టెదాక భూమి కిందికి పోను."

పొలాల అమాస వచ్చింది. మిగతా జిల్లాల వాళ్ళకు అమావాస్యే గాని, ఆదిలాబాద్ వైపు అది ఎడ్ల పండుగ. ఆ రోజు ఎడ్లకు పని లేదు. వాగులో కడిగి, కొమ్ములకు రంగు వేసి, మెడకు గజ్జెలు కట్టి, వీపు మీద ఎర్రగుడ్డ కప్పుతాం. ముకుతాళ్ళు తీసేస్తాం. ముల్లుకర్రలు, చర్నాకోలలు ముందురోజే అటక మీదికి ఎక్కుతాయి. ఏడాది పొడుగునా ఎద్దును కొట్టినవాడు ఆ ఒక్కరోజు దాని మీదికి కర్ర ఎత్తకూడదు, తిట్టకూడదు, అదిలించకూడదు. ముందు దానికి బచ్చాలు, అంటే బొబ్బట్లు, తినిపించి, కాళ్ళు మొక్కి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళు తినాలి. మా ఊళ్ళో ఈ కట్టుబాటును దేవుడి కట్టుబాటు కంటే ఎక్కువగా చూస్తారు. దేవుడు చూడకపోవచ్చు, ఎద్దు మాత్రం చూస్తుంది గదా.

ఆ ముందు రోజు పొద్దుగూకే వేళ మా చేను మీద ఒక జల్లు పడింది. పెద్దదేం కాదు. శ్రావణపు వాన ఎద్దు ఒక కొమ్ము మీద పడితే రెండో కొమ్ము మీద పడదంటారు. అట్లాంటిది. ఊళ్ళో పడలేదు, మా చేనంత మేర పడింది. బాపు పోయి చూసి వచ్చాడు. చుట్టుకున్న ఆకులు కొంచెం విప్పుకున్నాయి.

"నాము దిగినట్టే ఉన్నది" అన్నాడు.

అవ్వ, మా అమ్మ, పొయ్యి దగ్గరి నుంచే కసిరింది. "నీకు చెప్పి దిగిందా? గొక్క జల్లుకు దిగేటిదైతే అది నామెట్లయితది? పైన దుమ్ము కడిగినట్టు కడుక్కపోతదా?"

"నాకు తెల్వదానె?"

"తెల్వకేం. అన్ని తెల్సు. అందుకే గిట్లున్నం."

అవ్వ ఆ ఏడు బెల్లం ముంతలో అడుగున మిగిలింది గీకి, ఎడ్ల కోసమే నాలుగు బచ్చాలు చేసింది. మాకు ఉత్త జొన్న గటక.

మర్నాడు మధ్యాహ్నం ఊరెడ్లన్నీ తోరణం కింద నిలబడ్డాయి. పస్తులున్న ఎడ్లకు ఎంత రంగు పూస్తే ఏం లాభం? డొక్కలు లోపలికి పోయి, వీపు మీది గుడ్డ బొక్కల మీద ఆరేసినట్టుంది. డప్పులు మోగాయి. పటేల్ తోరణం తెంపాడు. తెంపగానే ఎడ్లు ఇళ్ళకు ఉరకాలి. అది ఆనవాయితీ. ఉరికాయి. మా జత మాత్రం ఇంటి తొవ్వ పట్టలేదు. ఊరి చివర మా చేను ఉంది గదా, ఆ పచ్చదనం వాసన వాటికి తగిలింది. ముకుతాడు లేదు, పలుపు లేదు. కంచె తొక్కుకొని నేరుగా జొన్నలోకి పోయాయి.

మేము పోయేసరికి అవి తలలు దించి మేస్తున్నాయి. వెనకాలే ఊరు కూడా వచ్చింది. అప్పుడు జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కర్ర ఎత్తకూడదు, అదిలించకూడదు. మా చిన్నాయన తెల్లదాని ముందుకు పోయి రెండు చేతులూ జోడించాడు.

"రా తండ్రీ. ఇంటికి పోదాం రా. బచ్చాలున్నయి."

ఎద్దు ఆయన తలపాగాను పక్కకు నెట్టి మేసింది.

"గట్ల పిలుస్తె వస్తదా? పెండ్లికి పిలిచినట్టు పిలుస్తున్నవు" అని ఎవరో అన్నారు.

"నువ్వు పిలువు మరి! నీ అత్తగారింటికి పిలిచినట్టు!"

ఇద్దరు మెడ పట్టుకొని గుంజారు. ఆకలిగొన్న ఎద్దును ఇద్దరు గుంజితే కదులుతుందా? ఒకాయన తన తువ్వాలు దాని కళ్ళకు కప్పాడు. అది కళ్ళు మూసుకొనే మేసింది. వెనక నుంచి ఆడవాళ్ళు నవ్వుతున్నారు. అవ్వ నవ్వలేదు. "ఓ అయ్యా, ఏదన్న జెయ్యిరా, ఏదన్న జెయ్యి" అని నా వెన్నులో గుద్దుతోంది.

నేను గట్టున పడి ఉన్న తుమ్మకొమ్మ తీసుకున్నాను. ముళ్ళతో ఉన్నదే. పైకి ఎత్తాను. ఊరంతా "హా" అన్నది. బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. పొలం దున్నే చెయ్యి అది, కదల్చలేకపోయాను.

"కొట్టద్దు బిడ్డా. గియ్యాల్ల కొట్టద్దు. వాన పడ్డది. నాము దిగింది. తిననియ్యి. ఆకలి మీదున్నయి."

కొమ్మ కింద పడేశాను. అందరం నిలబడి ఎడ్లు మేయడం చూశాము. ఆకుల్ని నాలుకతో చుట్టి తెంపే చప్పుడు మాత్రమే వినబడింది. ఎన్నాళ్ళ తర్వాతో విన్న చప్పుడు. బాపు మొగం చూస్తే, నిజం చెప్పొద్దూ, సంతోషంగానే ఉంది.

తెల్లది ముందు తల ఎత్తింది. నోట్లో ఆకు అట్లాగే ఉంది, నమలడం ఆగింది. తర్వాత ముక్కులు పెద్దవి చేసి గాలి కోసం మెడ చాచింది. గాలి అంతా దాని చుట్టూ ఉన్నట్టే ఉంది, లోపలికి పోయినట్టూ ఉంది, కానీ దానికి అందడం లేదు. ముందు కాళ్ళు వంగాయి. పడిపోయింది. వీపు మీది ఎర్రగుడ్డ కిందికి జారింది.

"నామె! నామె తగిలింది!" అని అవ్వ అరిచి ఇంటికి ఉరికింది.

నాముకు మా దగ్గర ఉన్న మందు ఒక్కటే, బెల్లం నీళ్ళు. బెల్లమేమో బచ్చాల్లోకి పోయింది. అవ్వ ఆ నాలుగు బచ్చాలూ కుండలో పిసికి, నీళ్ళు పోసి, వెదురు గొట్టంతో తెచ్చింది. ఆమె వచ్చేసరికి మచ్చలది కూడా తూలుతోంది. కుండలో ఉన్నది ఒక్క ఎద్దుకు కూడా సరిగ్గా చాలదు.

"దేనికి పొయ్యాలె?" అని అవ్వ అడిగింది.

బాపు నేల మీదే కూర్చున్నాడు. తెల్లదాని తల ఆయన ఒడిలో ఉంది. దాని కనురెప్ప ఎత్తి చూశాడు. లోపల మోదుగుపువ్వంత ఎర్రగా ఉంది. అంత నిండైన ఎరుపు బతికున్న దాని కంటిలో నేను ఎప్పుడూ చూడలేదు.

"దేనికి పొయ్యాల్నయ్యా? చెప్పు!"

"నిలబడ్డదానికి పొయ్యి" అన్నాడు బాపు.

నేను, చిన్నాయన మచ్చలదాని దవడ విడదీసి పట్టుకున్నాము. అవ్వ పోసింది. సగం మా చేతుల మీద కారింది. మా వెనక తెల్లది కాళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. ఎవరమూ అటు తిరగలేదు. చప్పుడు ఆగాక తిరిగాము. దాని కొమ్ములకు పూసిన రంగు బాపు ధోతికి అంటుకొని ఉంది.

మచ్చలది చాలాసేపు గజగజ వణికి, కడుపులోది కక్కి, నిలబడింది.

పటేల్ కట్టె ఆనించుకొని దగ్గరికి వచ్చాడు. "ఏందిరా, నామెక్కిందని తెల్వదా నీకు? ఇంత వయసొచ్చి?"

బాపు తల ఎత్తలేదు. నేనే చెప్పాను. "నిన్న మా చేన్ల వాన పడ్డది పటేలా. నాము దిగిందనుకున్నం."

పటేల్ కాసేపు నన్ను చూశాడు. "వానా?" అన్నాడు. "అట్లయితె సరే. జల్లు పడ్డంక ఎవ్వరన్న గట్లనే అనుకుంటరు." మిగతావాళ్ళు కూడా అవునవునన్నారు. గప్పాలోడి మాటను ఊరు ఊరంతా ఒప్పుకోవడం అదే మొదటిసారి.

తెల్ల ఎద్దును ఈడ్చుకుపోయాక చేనులో ఒక దారి పడింది. నేను ఆ దారిలో విరిగిన జొన్న కర్ర ఒకటి పీకి చీల్చాను. ఎందుకు చీల్చానో తెలియదు. కోపం దేని మీదో తీర్చుకోవాలి గదా. లోపల, సరిగ్గా మొవ్వు దగ్గర, పురుగు ఉంది. తెల్లగా, నున్నగా, బాగా తిని బలిసి ఉంది. దానికి నామూ లేదు, ఏమీ లేదు. విషం నిండిన కర్రలోనే ఇల్లు కట్టుకొని, లోపల్నుంచి తింటూ కూర్చుంది. జొన్న ఎవరి కోసం ఆ విషం దాచుకుందో వాడు హాయిగా ఉన్నాడు. దున్నిపెట్టినవాడు చచ్చాడు. బాపుకు చూపిస్తే ఆ పురుగును రెండు వేళ్ళతో తీసి, నలిపేసి, వేళ్ళు మట్టికి రాసుకున్నాడు.

"ఇవి జొన్నతోనే పుట్టినయి బిడ్డా. దాని విషం వీటికి అలవాటైంది" అన్నాడు.

ఒంటి ఎద్దుతో ఏం చేస్తాం? ఇంకొకరి ఒంటి ఎద్దుతో జత కలుపుదామంటే ఆ కరువులో ఎవరూ ముందుకు రాలేదు. మచ్చలదాన్ని నీళ్ళకు తోలుకుపోతే, ఖాళీ తొవ్వలో కూడా ఎడమ పక్కనే నడిచేది. కుడిపక్క ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలిపెట్టి నడిచేది. అవ్వ అది చూడలేక నీళ్ళు ఇంటికే మోసింది. చివరికి దాన్ని ఆదిలాబాద్ అంగట్లో అమ్మేశాము.

బెల్లంపల్లికి నేను పోతానన్నాను. బాపు ఒప్పుకోలేదు. "నీకు పసిపిల్ల ఉన్నది. కూలికి బోయి ఇల్లు సూస్కో. మేయనిచ్చింది నేను" అన్నాడు. ఒక గొంగడి, ఒక చెంబు, రొట్టెల మూట. వాగు దాటేటప్పుడు వంగి నీళ్ళు తాగి, నీళ్ళు తాగిన చోటే కాసేపు చెయ్యి నేలకు ఆనించి కూర్చున్నాడు. తర్వాత లేచి పోయాడు.

ఆయన పోయాక వానలు పడ్డాయి. మామూలు వానలు కావు. నిలిచిపోయిన చేను లేచింది, మనిషెత్తు అయింది, కంకి వేసింది. నాము పోయింది. అదే చేను, అదే ఆకు, ఊరి పశువులన్నీ ఆ చొప్ప తిని బతికాయి. అవ్వ ఆ జొన్నలు కొన్నాళ్ళు ముట్టలేదు. తర్వాత ముట్టింది. ఆకలి ముందు పంతం ఎన్నాళ్ళు ఆగుతుంది? ఆ రొట్టెలే మూటగట్టుకొని నేను బెల్లంపల్లి పోయేవాణ్ణి. బాపు బాయిలోంచి పైకి వచ్చి, మొగం కూడా కడుక్కోకుండా గోడకు ఆనుకొని తినేవాడు. రొట్టె మీద నల్లటి వేళ్ళు పడేవి. తిని దగ్గేవాడు. ఆ దగ్గుతోనే, ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్ళకు, పోయాడు.

ఇందులో కల్పించింది కూడా ఉంది. మీరు అనుమానించిన చోట కాదు. నేను కల్పించింది వాన ఒక్కటే.

ముందురోజు వాన పడలేదు. జల్లు కూడా లేదు, మబ్బు కూడా లేదు. బాపు చేనుకు పోయి చూసింది లేదు, నాము దిగిందన్నది లేదు, అవ్వ కసిరింది లేదు. పటేల్ అడిగిన క్షణాన నా నోటికి వచ్చిన మాట అది. అప్పుడు మా అందరి కాళ్ళ కింద దుమ్ము లేస్తోంది. పటేల్ ఆ దుమ్మును చూశాడు, నన్ను చూశాడు, "జల్లు పడ్డంక ఎవ్వరన్న గట్లనే అనుకుంటరు" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళ పాదాలకూ ఆ దుమ్మే అంటి ఉంది. ఎవరూ కాదనలేదు.

నామెక్కిందని బాపుకు తెలుసు. నా చెయ్యి పట్టుకున్నప్పుడు ఆయన అన్నది "కొట్టద్దు బిడ్డా, గియ్యాల్ల కొట్టద్దు" అని మాత్రమే. బెల్లంపల్లిలో ఒకసారి, రొట్టె తింటున్నప్పుడు, నేను అడగకుండానే చెప్పాడు: "దాన్ని ఏడాదంత కొట్టిన. ఒక్కనాడన్న మాట మీద ఉండాలె గదా." ఇంకో రొట్టె ఇచ్చాను.

ఊళ్ళో మాత్రం వానే నిలిచిపోయింది. మొన్న చావడి దగ్గర పటేల్ మనుమడు, అప్పటికి పుట్టనైనా లేనివాడు, ఆ వాన ఎంత పెద్దదో నాకే వివరించాడు. వాగు కూడా పొర్లిందట. నేను అవునన్నాను.